తమ్ముడి ఎడమ కన్ను

నరసరావుపేటలో పెళ్ళి ఆల్బమ్‌లు చేసేవాళ్ళు వీధికొకరున్నారు. మాదీ ఒక కొట్టు. బయట తిరిగి ఫొటోలు తీసేది మా ఆయన, కొట్లో కంప్యూటర్ ముందు కూర్చుని మొహాలు బాగుచేసేది నేను. మొటిమలు తీసేస్తాను. నిద్రలేని పెళ్ళికూతురి కళ్ళకింద గుంటలు పూడుస్తాను. తలంబ్రాలప్పుడు మూసుకుపోయిన కళ్ళు తెరిపిస్తాను. "కొంచెం తెల్లగా చెయ్యమ్మా" అనని తల్లి నాకింతవరకూ తగల్లేదు. ఎవరైనా వచ్చి ఇది బాగాలేదు, అది బాగాలేదు అని సణిగితే, "దేవుడిచ్చిన మొహం కంటే నేనిచ్చింది బాగానే ఉందిగా, ఇంకేం గావాలి?" అనేదాన్ని. నా నోరు అలాంటిది. ఆ నోటిని భరించి కూడా జనం మా కొట్టుకే వచ్చేవాళ్ళంటే నా పని అంత బాగుండేది.

ఆ పని ఎలా చేస్తానో ముందు చెప్పాలి. లేకపోతే నేను చేసిన తప్పు ఎవరికీ అర్థం కాదు.

పెళ్ళి నుంచి రాగానే మా ఆయన కెమెరాలోని కార్డు తీసి నా చేతిలో పెడతాడు. ఫొటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించుకుని కార్డు పూర్తిగా తుడిచేసి మళ్ళీ ఇస్తాను, మర్నాడు ఇంకో పెళ్ళి ఉంటుంది కాబట్టి. ఒక్కో ఫొటో తెరిచి, బాగుచేసి, పాత పేరుతోనే సేవ్ చేస్తాను. అప్పుడు తెర మీద చిన్న డబ్బా ఒకటి వచ్చి అడుగుతుంది, ఈ పేరుతో ఒక ఫొటో ఇప్పటికే ఉంది, దాన్ని తీసేసి దీన్ని పెట్టమంటారా అని. అవును అని నొక్కుతాను. ముహూర్తాల రోజుల్లో పొద్దస్తమానం అవును, అవును, అవును. చదవను కూడా. కొత్త పేరు పెట్టి పాతదాన్ని విడిగా ఉంచుకోవచ్చని తెలియక కాదు. ఒకసారి అలా ఉంచితే, మొటిమలున్న పాత ఫొటో పొరపాటున ఆల్బమ్‌లోకి ఎక్కింది. ఆ పెళ్ళికూతురు కొట్లోకొచ్చి బావురుమంది. ఆ రోజునుంచి మా కొట్లో ఒక మొహానికి ఒకటే ఫొటో.

బ్యాకప్ అంటే మాత్రం నాకు ప్రాణం. రోజూ కొట్టు కట్టేసేముందు బయటి హార్డ్‌డిస్కు తగిలిస్తాను. కంప్యూటర్లో ఉన్నది ఉన్నట్టు అందులోకి వెళ్తుంది. ఇక్కడ ఫొటో మారితే అక్కడా మారుతుంది. వారానికోసారి అందులోంచి ఇంకో డిస్కులోకి ఎక్కిస్తాను, దాన్ని ఇంట్లో బీరువాలో పట్టుచీరల మధ్య పెడతాను. కొట్టు తగలబడిపోయినా ఊరివాళ్ళ పెళ్ళిళ్ళు నా బీరువాలో క్షేమంగా ఉంటాయని మా ఆయన దగ్గర గొప్పలు పోయేదాన్ని.

మా తమ్ముడిది మెల్లకన్ను.

మా పుట్టిల్లు రాజుపాలెం దగ్గర పల్లెటూరు. మా చిన్నప్పుడే నాన్న పోయాడు. నాకు పెళ్ళయి నేను పేటకొచ్చేశాక, అమ్మా తమ్ముడూ కలిసి మిరపా పత్తీ పెట్టుకుని బతికారు. చిన్నప్పుడు వాణ్ణి ఊళ్ళో అందరూ ఏడిపించేవాళ్ళు. అందరికంటే ఎక్కువ ఏడిపించింది నేనే. "ఒరేయ్, నన్ను చూస్తన్నావా, గేదెను చూస్తన్నావా?" అంటే, "ఇద్దరూ ఒకటేగా అక్కా" అనేవాడు. వాడి నోరూ తక్కువది కాదు. అమ్మకి మాత్రం ఒళ్ళు మండేది. "మెల్లకన్ను అదృష్టమే, నోరు ముయ్" అని నన్ను చీపురు పుచ్చుకుని తరిమేది.

వాడు నవ్వుతూ మాట తిప్పికొట్టేవాడు కాబట్టి వాడికి బాధ లేదనుకున్నాను. కెమెరా కనిపిస్తే పారిపోయేవాడన్న సంగతి అప్పుడు గమనించలేదు. నా పెళ్ళి ఆల్బమ్‌లో వాడు ఎవరి భుజం వెనకో ఉంటాడు. కోటప్పకొండ తిరునాళ్ళకి మా ఊరివాళ్ళు ఎత్తుగా కట్టిన ప్రభ ముందు నిలబడి తీయించుకున్న ఫొటోలు బోలెడున్నాయి, అన్నిట్లోనూ నల్లద్దాలే. బండి మీద కూర్చుని తీయించుకున్నా మొహం పక్కకే. ఫొటోలు తీసే ఇంట్లో బావమరిది అయ్యుండి కూడా వాడు ఎదురుగా చూస్తున్న ఫొటో ఒక్కటీ ఉండేది కాదు.

ఉండేది కాదన్నాను గానీ, ఒకటుండేది. ఒకే ఒక్క రోజు ఉంది.

వాడికి ముప్ఫై దాటుతుంటే సంబంధాలు వెతకడం మొదలుపెట్టాం. అడిగినవాళ్ళందరూ ముందు ఫొటో పంపమనేవాళ్ళు. ఒకరోజు వాణ్ణి కొట్టుకి పిలిపించి స్టూలు మీద కూర్చోబెట్టాను. "అద్దాలు తీయరా. పెళ్ళికొడుకువా, గజదొంగవా?" అన్నాను. తీశాడు. లేత నీలం చొక్కా వేసుకున్నాడు. కెమెరా వంక సూటిగా చూశాడు. మా ఆయన ఒక్కటంటే ఒక్కటి తీశాడు. "చాలు బావా" అని లేచిపోయాడు.

కంప్యూటర్లోకి ఎక్కించి పెద్దది చేసి చూస్తుంటే నా వెనకాల వచ్చి నిలబడ్డాడు. కాసేపు చూసి, "అక్కా, అట్టాగే పంపితే ఏమవుద్ది?" అన్నాడు.

"ఏమవుద్ది, ముసలోడివవుతావు. నోరుమూసుకుని పో" అన్నాను.

మెల్లకన్ను సరిచెయ్యడం మాకు పెద్ద పని కాదు. బాగున్న కన్నును కాపీ చేసి, అద్దంలో కనపడినట్టు అటుదిటు తిప్పి, రెండోదాని మీద అతికించి, అంచులు కలిపెయ్యడమే. అరగంట పట్టలేదు. రంగు కూడా కాస్త తెల్లగా చేశాను. సేవ్ కొట్టాను. డబ్బా వచ్చింది, అవును అన్నాను. సాయంత్రం కార్డు తుడిచి మా ఆయనకిచ్చాను, డిస్కు తగిలించి బ్యాకప్ చేశాను. అన్నీ పద్ధతి ప్రకారమే చేశాను.

ఆ ఫొటో చూసి నడికుడి వైపునుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల చదువుకుంది, చక్కగా ఉంది. పెళ్ళిచూపులకి అమ్మ, నేను, తమ్ముడు వెళ్ళాం. పలకరింపులయ్యాయి, పళ్ళేల్లో కారప్పూస, లడ్డూ పెట్టారు. పిల్ల పిన్నమ్మ చేతిలో ఫోనుంది. ఫోన్లోకి చూసింది, మా వాడి మొహంలోకి చూసింది, మళ్ళీ ఫోన్లోకి చూసింది.

"ఏమ్మా, ఫొటోలో కళ్ళు సక్కంగానే ఉన్నయ్యే? ఈ అబ్బాయి పెళ్ళికొడుక్కి అన్నా?" అంది.

మా వాడు చేతిలోని లడ్డూ పళ్ళెంలో పెట్టేశాడు. పిల్ల తల వంచుకుంది. మేం లేచి వచ్చేశాం.

నడికుడి స్టేషన్లో గుంటూరు వైపు బండి కోసం కూర్చున్నాం. ఆ పిన్నమ్మని నోటికొచ్చినట్టు తిట్టాను. "దాని కళ్ళలో నిప్పులు బొయ్య, ఏం మాటే అది!" అన్నాను. మా వాడే అన్నాడు, "ఆళ్ళ తప్పేం లేదక్కా. నువ్వు పంపినోడు వస్తాడనుకున్నారు. నేనొచ్చా."

తిట్టడం ఆపేశాను.

మళ్ళీ వాడే అన్నాడు, "ఈసారి అసలుది పంపక్కా. అది చూసి వచ్చినోళ్ళే వస్తారు, రానోళ్ళు రారు. అసలుది ఉందిగా?"

"ఉందిలేరా. ఎక్కడికి పోద్ది" అన్నాను.

మర్నాడు కొట్లో వెతికాను. కంప్యూటర్లో సరిచేసిన కన్నే ఉంది. హార్డ్‌డిస్కులో చూశాను, అందులోనూ అదే. ఇంటికెళ్ళి బీరువాలో చీరల మధ్యనుంచి రెండో డిస్కు తీసి చూశాను, అదే. ఊరందరి మొహాలనూ భద్రం చేశానని విర్రవీగినదాన్ని, నేను మూడుచోట్ల భద్రంగా దాచుకున్నది నా తప్పునే.

అయినా అప్పుడు గుండె జారలేదు. మనిషి ఉన్నాడుగా, ఇంకోటి తీస్తే పోలా అనుకున్నాను. వాడికి నిజం చెప్పలేదు. "అందులో వెలుతురు సరిగ్గా లేదురా, మళ్ళీ తీద్దాం, రా" అన్నాను. వచ్చాడు పాపం. ఎండుమిరపకాయలూ గోంగూర పచ్చడీ అమ్మ ఇచ్చి పంపితే అవి పట్టుకుని, అదే లేత నీలం చొక్కా వేసుకుని వచ్చాడు. నేను మూడు ఆల్బమ్‌ల పని మీద పడి ఉన్నాను. పెళ్ళివాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. మా ఆయన ఊళ్ళో లేడు. "ఇప్పుడేందిరా, కనపడటంలా నా పని? ముహూర్తాలయ్యాక రా" అని కసిరాను. టీ తెప్పిస్తే తాగాడు. కాసేపు నా పని చూస్తూ కూర్చున్నాడు. "సరే అక్కా" అని లేచి వెళ్ళిపోయాడు.

అయిదు నిమిషాల పని. కెమెరా నా వెనక అలమరలోనే ఉంది. ఫొటో తీయడం నాకు రాదా? మా ఆయనకి నేర్పింది నేనే.

ముహూర్తాలు ఇంకా కాలేదు, ఒక ఉదయం వాడు మిరపచేనుకు నీళ్ళు పెడదామని వెళ్ళి, రాత్రి పడ్డ జల్లుకి తడిసిన మోటారు డబ్బా మీద చెయ్యి వేశాడు. కరెంటు పట్టేసింది. పక్కచేను వాళ్ళు చూసి కర్రతో కొట్టేసరికే అయిపోయింది.

పెద్దకర్మకి ఫ్లెక్సీ వెయ్యాలి, ఫొటోకి ఫ్రేము కట్టించాలి, ఫొటో పంపమని బంధువులు అడిగారు. నా బుర్ర పనిచేయడం లేదు. వాడు ఎదురుగా చూస్తున్నది అదొక్కటే కదా, అదే ఇచ్చాను. ఫ్రేము నేనే దగ్గరుండి కట్టించి పట్టుకెళ్ళాను. వసారాలో కుర్చీ మీద పెట్టి, దీపం వెలిగించి, దండ అమ్మ చేతికిచ్చారు. అమ్మ దండ పట్టుకుని ఫొటో వంక చూస్తూ అలాగే నిలబడిపోయింది.

"ఈడెవడే?" అంది.

మతి తప్పిందేమోనని ఆడవాళ్ళు అమ్మ భుజాలు పట్టుకున్నారు. "నీ కొడుకేనమ్మా" అన్నారు. అమ్మ వాళ్ళని విదిలించుకుని నా వంక తిరిగింది.

"నా కొడుకు కన్నేదే? వాడి కన్నేం జేశావే?"

అంతమందిలో ఆ ప్రశ్న అర్థమైంది నాకొక్కదానికే. అమ్మ దండ నేల మీద పెట్టేసి లోపలికెళ్ళిపోయింది. ఆ దండ ఎవరో తీసి ఫొటోకి వేశారు.

జనమంతా వెళ్ళాక అమ్మ పక్కన కూర్చున్నాను. అమ్మ ఏడవడం లేదు, భయపడుతోంది. "అమ్మాయ్, కళ్ళు మూసుకుంటే నాకు వాడి నల్లద్దాలే కనపడతన్నయ్యే. మొహం రావడంలా. ఉన్నకాడికి కూడా పోతదేమో. పోకముందే వాడి మొహం నాకు తెచ్చియ్యి. ఊరందరివీ దాస్తావుగా నువ్వు" అంది.

ఎక్కడని వెతకను? అయినా వెతికాను. పోయిన ఫొటోలు వెలికితీసే సాఫ్ట్‌వేర్ వేశాను. ఆ కార్డు మీద అప్పటికి ఎన్ని పెళ్ళిళ్ళు పడ్డాయో, ఎన్నిసార్లు తుడిచానో. సగం తెగిన మండపం, ఎవరిదో మెట్టెలున్న పాదం, పురోహితుడి చెయ్యి వచ్చాయి గానీ మా వాడు రాలేదు. ఆధార్ కార్డులో ఫ్లాష్ పడి కళ్ళు మూసేశాడు. బండి లైసెన్సు ఏనాడూ తీసుకోలేదు, పోలీసుల్ని చూస్తే సందుల్లోంచి తిప్పేవాడు. బడిలో తీసిన గుంపు ఫొటోలో వాడి మొహం నువ్వుగింజంత. వాడి ఫోనంతా అద్దాలే. సంబంధాలకి వాట్సాప్‌లో పంపినదీ నేను సరిచేసినదే.

చివరికి, చెడిపినదాన్ని నేనే బాగుచెయ్యాలనుకున్నాను. ఇన్నేళ్ళూ మెల్లకళ్ళు సరిచేశాను, ఇప్పుడు సరిగ్గా ఉన్న కన్నును మెల్లగా చెయ్యాలి. ఫొటో తెరిచి కూర్చున్నాను. రెండు కళ్ళూ ఒకటే కన్ను, నేను అతికించిందే. ఏది వాడిదో, ఏది నా అతుకో నాకే తెలియలేదు. పోనీ వాడిది ఏ కన్ను? కుడిదా, ఎడమదా? ఎంత గుర్తుచేసుకున్నా తేలలేదు. ముప్ఫై ఏళ్ళు ఆ కన్ను మీద ఎగతాళి చేసి బతికాను. ఒక్కనాడైనా సరిగ్గా చూసుంటేగా! కుడిదేనని మనసుకి అనిపిస్తే దాన్ని ముక్కువైపు జరిపి, ప్రింటు తీసి ఊరికి పట్టుకెళ్ళాను.

అమ్మ ప్రింటు చూసి నా చేతికే తిరిగిచ్చింది. "అటుది కాదే. ఎడమది. తోడబుట్టినదానివి, నీకు తెలవదా?" అంది.

వారం తిరక్కుండా తనే బస్సెక్కి కొట్టుకొచ్చింది. ఇరవై ఏళ్ళలో అమ్మ కొట్టు లోపలికి రావడం అదే మొదలు. ఎప్పుడొచ్చినా గడపలోనే నిలబడి, పచ్చళ్ళ సంచీ ఇచ్చి వెళ్ళిపోయేది, యంత్రాలంటే భయమని. ఆ రోజు మాత్రం నేరుగా లోపలికొచ్చి, "యాడ కూకోను?" అంది. స్టూలు లాగి నా పక్కన వేశాను. అదే స్టూలు. అమ్మకి చెప్పలేదు.

తెర మీద తమ్ముడి మొహం పెద్దది చేశాను. అమ్మ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. మెల్లగా మళ్ళీ ముందుకొచ్చింది. కన్ను చూపించబోయి చెయ్యి చాపి ఆగిపోయింది. "పొద్దున కాయ కోసొచ్చానే" అని లేచి, కుళాయి కింద రెండుసార్లు సబ్బుతో చెయ్యి రుద్దుకుని, కొంగుతో తుడుచుకుని వచ్చి కూర్చుంది. మిరపకాయలు కోసిన చేత్తో పిల్లల కళ్ళు తాకకూడదు, మంట పుడుతుంది. మా ఇళ్ళల్లో తల్లులందరికీ ఆ అలవాటే. అద్దం వెనక ఉన్న బొమ్మకి మంటేముంటుందమ్మా అని నేను అనలేకపోయాను. నాకు అక్కడే ఏడుపొచ్చింది.

కంటిపాపను చుట్టూ కత్తిరించి విడిగా తీసి, కొంచెం కొంచెంగా జరిపాను. అమ్మ తెర మీద వేలుపెట్టి చెబుతూ ఉంది.

"ముక్కువైపు. ఇంకా. ఇంకొంచెం."

"ఇంతా?"

"అంత పోదే. బాగా అలిసిపోయినప్పుడే అంత పోయేది. చేలోంచి వచ్చి మంచమ్మీద పడ్డప్పుడు. పొద్దున పూట ఇంతే ఉంటది."

కొంచెం వెనక్కి జరిపాను.

"పైకి. రవ్వంత పైకి. పాలు తాగేటప్పుడు కూడా అంతే, ఒక కన్ను నా మొహమ్మీద, ఒక కన్ను గూట్లో దీపమ్మీద."

మా ఆయన టీ తెచ్చి పెట్టాడు, చల్లారిపోయింది. గిరాకీలు వస్తే గుమ్మంలోంచే పంపించేశాడు. జరుపుతున్నాను, అమ్మ కాదంటోంది, మళ్ళీ జరుపుతున్నాను. నేను తెల్లగా చేసిన రంగును కూడా చామనఛాయకి దింపించింది. చివరికి "ఆపు" అంది. చెయ్యి తీసేశాను. అమ్మ చానాసేపు చూసింది.

"వాడేనా అమ్మా?" అన్నాను.

అమ్మ తెర మీది మొహాన్ని వేళ్ళతో ఒకసారి తడిమింది.

"పోలికుంది" అంది.

ఎవరి మనవణ్ణో చూసి అన్నట్టు అంది. సేవ్ చెయ్యబోయాను. ఏళ్ళ అలవాటు, వేళ్ళు వాటంతటవే పాత పేరు కొట్టేశాయి. తెర మధ్యలో డబ్బా వచ్చింది. అమ్మకి చదువు రాదు. అంతసేపూ ఎదురుగా ఉన్న కొడుకు మొహానికి అడ్డంగా ఏదో వచ్చిందని మాత్రం చూసింది.

"ఏందే అది? ఏమంటంది?"

"ముందున్న ఫొటో తీసేసి దీన్ని పెట్టమంటారా అని అడుగుతోందమ్మా."

అమ్మ ఆ డబ్బా వంక చూసింది, నా వంక చూసింది.

"అప్పుడు కూడా అడిగిందా?"

"అడిగిందమ్మా."

"నువ్వేమన్నావు?"

"అవునన్నాను."

అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండును. వద్దు అని నొక్కాను. డబ్బా పోయి వాడి మొహం మళ్ళీ కనపడింది. కొత్త పేరు పెట్టాలి. తమ్ముడి పేరు కొట్టబోయి రెండక్షరాల దగ్గర ఆగిపోయాను. చెరిపేసి, పోలిక అని కొట్టి సేవ్ చేశాను.

అమ్మ స్టూలు మీదనుంచి లేచి సంచీ చంకన పెట్టుకుంది. "బస్సుకు టైమయింది. కాయితమ్మీద తీసియ్యి, పోతా" అంది.